ముట్టిన రాజు

నరసరావుపేటలో ఎండ పేలిపోతున్న మధ్యాహ్నం. కరెంటు పోయింది. వసారాలో నవారు మంచమ్మీద చదరంగం బల్ల పెట్టుకుని కూర్చున్నాడు మస్తాన్‌రావు. ఎదురుగా తల్లి అలివేలమ్మ కళ్ళజోడు సర్దుకుంటోంది. ఆమె చేతిలో మనవరాలు యశస్విని తెచ్చిన కాగితం. పొద్దున పోటీలో పిల్ల గెలిచిన ఆట, ఎత్తు తర్వాత ఎత్తు పెన్నుతో రాసి ఉంది. రేపు ఆఖరాట. ఈలోగా దీన్ని విప్పి చూసి, ఎక్కడ బలమో ఎక్కడ లోపమో తేల్చాలని తండ్రి ఆత్రం.

అరవై దాటాక మనవరాలి దగ్గరే అక్షరాలు దిద్దుకుంది అలివేలమ్మ. తెలుగైతే కూడబలుక్కుంటుంది. ఇంగ్లీషులో మటుకు ఆమెకొచ్చింది గళ్ళకు పెట్టే ఎనిమిది అక్షరాలూ, పావుల గుర్తులు ఐదూ. వాటితోనే ఇంత యుద్ధం కాగితమ్మీద పడుతుందా అని ఆమెకు ఇప్పటికీ వింతే. ఆమె చదవడం, కొడుకు పావులు జరపడం ఆ ఇంట్లో అలవాటు.

తెల్లవి యశస్వినివి. రాజు ముందు బంటు రెండు గళ్ళు నడిచింది. అవతలి పిల్లా అంతే. వెంటనే ఆ పక్క బంటును తోసి ఎర వేసింది యశస్విని.

మస్తాన్‌రావు మొహం చిట్లించాడు. బంటును పారేసుకుని దాడికి దారి తీసే ఆ ఎత్తు తను నేర్పలేదు. రాజుకు కాపు పోతుందని వద్దన్నాడు కూడా. ఎవరు నేర్పారని అడిగితే, గడపలో కూర్చున్న పిల్ల ఎవరూ నేర్పలేదంది. బల్ల ముందు కూర్చోగానే చెయ్యి దానంతటదే పోయిందంది. హాలంతా పంచరు సొల్యూషన్ వాసనొచ్చిందంది.

పన్నెండో ఎత్తు తల్లి చదవకముందే అతని చెయ్యి ఆ పావు మీదికి పోయింది. పద్దెనిమిదికి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఇది మౌలాలీ ఆటమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఎత్తుకు ఎత్తు అదే."

సైకిలు షాపు మౌలాలీ. పదమూడేళ్ళ కిందట సత్తెనపల్లి పోటీలో ఆఖరాట వాళ్ళిద్దరిదే. గెలిచినోడికి ఆటల కోటాలో ఉద్యోగం. మౌలాలీ గెలవబోతుండగా, వాడు తన తెల్లరాజును ముట్టాడని మస్తాన్‌రావు చెయ్యెత్తాడు. ముట్టిన పావును ఆడి తీరాలి. ఆ రాజు కదిలితే ఆట పోయినట్టే. ముట్టలేదని మౌలాలీ మొత్తుకున్నాడు. మస్తాన్‌రావు ఆ తెల్లరాజునే పిడికిట పట్టి, అబద్ధమైతే ఈ చెయ్యి పడిపోవాలని ఒట్టేశాడు. పెద్దింటి బిడ్డ ఒట్టు. నమ్మారు.

ఆ సాయంత్రం మౌలాలీ ఈ వసారా ముందే నిలబడ్డాడు. "నువ్వైనా నీ కొడుకును అడుగమ్మా," అన్నాడు. మజ్జిగిచ్చి పంపిందే గానీ అలివేలమ్మ అడగలేదు. నెల తిరక్కుండా వాడు సాగర్ కాలవలో తేలాడు.

ఇరవయ్యో ఎత్తు. అవతలి పిల్ల ఓటమి ఒప్పుకుంది అక్కడే. మస్తాన్‌రావు గబగబా పావులు తీయబోయాడు.

"ఇంకా ఉందిరా. కింద పెన్సిలుతో..."

పెన్సిలు తను ముట్టలేదంది యశస్విని.

గాలి నిలిచిపోయింది. ఎక్కడిదో కాలిన రబ్బరు వాసన... దాని వెనకే సొల్యూషన్... మంచం కిందినించి వచ్చినట్టు.

ఈసారి ఉన్నవి తెలుగు అక్షరాలు. అలివేలమ్మ ఒక్కోదాని మీద వేలు పెట్టింది.

"ము... ట్టా... డా?"

చదివాక గానీ బోధపడలేదు. ఆ రోజు తను అడగనిది కాగితం అడుగుతోంది.

"చెప్పరా నాయనా," అంది మెల్లగా. "నిజంగా ముట్టాడా?"

మస్తాన్‌రావు తల్లిని చూశాడు. గడపలో ఉన్న కూతుర్ని చూశాడు. చెయ్యి చాచి తెల్లరాజును పిడికిట పట్టాడు.

"ముట్టాడమ్మా. ఒట్టు."

పిడికిలి బిగిసింది.

విప్పబోయాడు. రాలేదు. ఎడమచేత్తో వేళ్ళు పీకాడు... రాలేదు. గోళ్ళు తెల్లబడ్డాయి. చెయ్యి భుజం నుంచి తాడులా వేలాడింది. అలివేలమ్మ కాగితం కేసి చూసింది. పెన్సిలు గీత ఒక్కటీ లేదు.

యశస్విని మర్నాడు ఆడలేదు. గుంటూరు డాక్టర్లు నరం పట్టేసిందన్నారు, సూదులేశారు. గుప్పిట్లో గట్టిగా తగులుతూ అప్పుడప్పుడూ కదులుతున్నది రాజేనని ఇంట్లో అందరికీ తెలుసు. ముప్పూటలా అలివేలమ్మే కొడుక్కి కలిపి పెడుతోంది. ముద్ద అందిస్తుంటే ఆ పిడికిట్లోంచి సొల్యూషన్ వాసన.

నెలకి, ఆ చదరంగం ఇంట్లో ఉండకూడదని, ఎవరికన్నా ఇచ్చేద్దామని పావులు పెట్టెలోకి సర్దింది. ఒకటి, రెండు అనుకుంటూ లెక్కబెట్టింది. ముప్పై రెండూ ఉన్నాయి.

తెల్లరాజు అడుగున పడుకుని ఉంది.

మరి వాడి పిడికిట్లో కదులుతున్నదేంది?