చెవిలో ‘ఇక్కడే’ అన్నదెవరు?

దీపాలు పెట్టే వేళ దాటితే ఆ పాత గానుగ పాక వైపు మా ఊళ్ళో ఎవరూ వెళ్ళరు. అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి అదే అడ్డదారి. అయినా వెళ్ళరు. మోటారు సైకిలున్నవాడు కూడా పెట్రోలు పోతే పోయిందని చుట్టూ తిరిగే పోతాడు.

వెనకటికి అక్కడ చెరుకు ఆడే రోజుల్లో కాసులమ్మ అని ఒకావిడ గానుగకి గడలు అందించేది. ఓ రోజు ఆవిడ పైట చెంగు పళ్ళచక్రంలో పడింది. “ఆపండ్రా... ఆపండ్రా...” అని రెండుసార్లు అరిచిందట. ఇంజను మోతలో ఎవడికీ వినబడలేదు. మూడోసారి అరవడానికి మనిషి లేదు.

అందుకే — ఆ పాక దగ్గర ఎవరు పిలిచినా చప్పున పలక్కూడదు. కాసులమ్మ రెండుసార్లే పిలుస్తాది. మూడోసారి పిలుపు వచ్చిందంటే అది ప్రాణమున్న మనిషి. మా ఊళ్ళో పిల్లలకి అఆలు రాకముందే ఇది నేర్పేస్తారు.

ఇక అసలు సంగతి. ఇది మొన్న మాఘంలో జరిగింది. పక్కింటి శ్రీదేవి చెప్తే విన్నాను. నమ్మబుద్ధి కాక నూకరత్నాన్నే అడిగేను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది గాని కాదనలేదు.

నూకరత్నం ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాది. పని చేసుకుంటూ ఫోన్లో సీరియల్ వినడం అలవాటు. ఒకసారి ఆ చెవి వైరు మిషను చక్రంలో పడి చెవి ఊడొచ్చినంత పనైంది. దాంతో వైరు లేనివి, ఆ ఇయర్ బడ్స్, తెప్పించుకుంది. నచ్చకపోతే వారంలోగా తిరిగి పంపొచ్చన్నారు కదా, పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు చూసింది వాటిని. వంగి ముగ్గేస్తే రాలిపోతాయా? పొయ్యి దగ్గర చెమట పడితే జారిపోతాయా? బుట్ట కమ్మలకి తగుల్తాయా? అన్నిట్లోనూ నెగ్గేయి. మిషను మోత చెవికి సోకనే సోకదు. వచ్చిన చిక్కల్లా ఒకటే — ఫోను కిటికీలో పెట్టి పెరట్లోకి వెళ్తే, మునగచెట్టు దాకా పలుకుతాయి. చెట్టు దాటితే “డిస్కనెక్టెడ్” అని లోపల ఓ ఆడగొంతు అనేసి, టక్కున మూగబోతాయి.

“మిగతావన్నీ బాగున్నాయి బావా, ఇదొక్కటే తగువు. తిరిగి పంపేద్దునా?” అని మొగుడు నానాజీని రోజూ అడిగేది.

నానాజీ తండ్రి బంగారయ్య. నూకరత్నానికి మామగారే కాదు, సొంత మేనమామ కూడా. తండ్రి లేని పిల్లని చంకనేసుకుని పెంచిన మనిషి. ఆ గానుగ పాకలో ఒకప్పుడు బెల్లం వండినోడు ఆయనే. పెనంలో పాకం చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి కూడా ఆయన్నే పిలిచేవారు. ఇప్పుడు ఆయనకి మతి నిలవడం లేదు. అన్నం తిని తినలేదంటాడు. చేతికందిన పెట్టెలాంటిదేదైనా తన చుట్టల డబ్బా అనుకుని బనీను జేబులో వేసేసుకుంటాడు. టీవీ రిమోట్, సబ్బు పెట్టె, ఏదైనా సరే.

“ఒలే, సెవుల్లో ఆ సెనగ్గింజలేటే?” అని నవ్వేవాడు కోడల్ని చూసి. ఒక్కోరోజు ఆ కోడలెవరో కూడా తెలిసేది కాదు.

ఆ సాయంత్రం పెళ్ళివారి జాకెట్లు. తల పైకెత్తే తీరిక లేదు. సీరియల్ మంచి రసపట్టులో ఉండగా చెవిలో ఆ గొంతు — “డిస్కనెక్టెడ్.”

“నీ మొకం మండా, కదలకుండా కూకున్నా తెగిపోతావా? రేపే పంపించేత్తాను నిన్ను” అని తిట్టుకుంది. చెయ్యి ఖాళీ లేక వాటిని చెవుల్లోనే ఉంచేసి కుట్టుకుపోయింది.

చీకటి పడింది. మావయ్యకి టీ ఇద్దామని లేచి చూస్తే వీధరుగు మీద ఆయన కుర్చీ ఖాళీ. కిటికీలో ఫోనూ లేదు.

అప్పుడు... అప్పుడు తెలిసింది ఆవిడకి. ఫోను తెగిపోలేదు. నడిచి వెళ్ళిపోయింది.

“ఓలమ్మో, మావయ్యా!” అని వీధిలో పడింది. శ్రీదేవి ఫోన్ నుంచి చేస్తే రింగు వెళ్తోంది, ఎత్తే నాథుడు లేడు. ఎత్తడానికి అది మోగితే కదా! ఎప్పుడూ సైలెంట్లోనే ఉంటాది, మోగేది నూకరత్నం చెవిలోనే. నానాజీకి కబురు చేస్తే డ్యూటీలోంచి ఒకటే కేక.

“గుమ్మం ముందు మనిషి లేసి ఎల్లిపోతంటే తెలీలేదా నీకు? సెవుల్లో అయి దూర్సుకుని కూకుంటే ఏటి వినబడతాది!”

ఆ మాట తిన్నగా వచ్చి గుండెల్లో దిగింది. నిజమే కదా.

తలోవైపూ వెతికేరు. కాలవ గట్టు, కల్లాలు, రైలు పట్టాలు. రైలు కూసినప్పుడల్లా నూకరత్నం పట్టాల వైపే తిరిగి చూసేది. “దేవుడా, నన్ను తీసుకుపో, ఆయన్ని ఇంటికి పంపించు” అని పైకే అనేసుకుంటూ పరిగెత్తింది. ఇక వెతకనిది ఒక్కటే మిగిలింది... గానుగ పాక.

దారి మీదే నిలబడిపోయింది. చుట్టూ తలెత్తు చెరుకు తోటలు. పాక కప్పు సగం కూలి ఉంది. లోపల చీకటి — కన్ను పొడుచుకున్నా కానరాదు.

“మావయ్యా...”

ఏమీ లేదు. చెరుకాకు గరగరలాడింది.

“మావయ్యా...”

రెండడుగులు లోపలికి వేసింది. అప్పుడు — సరిగ్గా చెవిలో, చెవి లోపలే — ఓ ఆడగొంతు...

“...క్కడే.”

ఇక్కడే!

ఆ తరవాత ఎలా పరిగెత్తిందో ఆవిడకే తెలీదు. చెప్పు ఒకటి ఎక్కడ పోయిందో తెలీదు. శ్రీదేవి గుమ్మంలో వచ్చి పడింది.

“కాసులమ్మ... కాసులమ్మ పలికింది వదినా! ఇక్కడే అన్నాది. నా మావయ్యని తీసేసుకున్నాది...”

శ్రీదేవి ఆవిడ మొహాన నీళ్ళు కొట్టింది. “ముందా సెవుల్లోయి తియ్యి. నీళ్ళెల్లిపోతాయి” అంది. అప్పటిదాకా అవి చెవుల్లో ఉన్నాయన్న ధ్యాసే లేదు నూకరత్నానికి. పీకి డబ్బాలో పెట్టింది. పెట్టి, చూసింది. ఏం తోచిందో, ఒకదాన్ని మళ్ళీ తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

“పవర్ ఆన్” అంది ఆడగొంతు.

ఈ గొంతే. అదే గొంతు!

ఇక్కడే కాదు... కనెక్టెడ్! ముక్కలై వచ్చిన మాటని ఇక్కడే అని వింది. ఫోను అక్కడుంది. మునగచెట్టు దూరంలోనే ఉంది. ఫోనుందంటే, ఫోను జేబులో వేసుకున్న మనిషి —

“నేను పిలిసి పారొచ్చేసేను వదినా! ఆయన అక్కడుంటే నేను పారొచ్చేసేను!” అని తల బాదుకుంది. “బావొత్తే పాక కాడికి పంపు. నువ్వు ఆ ఫోనుకి సేత్తానే ఉండు, ఆపకు” అని, ఉన్న ఒక్క చెప్పూ విసిరేసి చీకట్లో పడింది.

ఈసారి భయం లేదని కాదు. అయినా బడ్స్ రెండూ చెవుల్లో గట్టిగా నొక్కుకుని పాకలోకి అడుగేసింది.

ఒక అడుగు... ఇంకో అడుగు...

“కనెక్టెడ్.”

వెంటనే చెవిలో రింగు! శ్రీదేవి ఫోనే. రింగు చెవిలో ఉంది గాని మనిషి ఎక్కడ? గోడ వైపు వెళ్తే ముక్కలైపోతోంది. గానుగ వైపు, పళ్ళచక్రం తుప్పు పట్టి పడున్న వైపు, వెళ్తే నిండుగా మోగుతోంది. కాసులమ్మ పోయిన చోటు దాటి పోవాలి. కళ్ళు మూసుకుని దాటేసింది. వెనక పెనం పొయ్యి గొయ్యి. లోపల, అడుగున, చిన్న వెలుతురు — బనీను గుడ్డలోంచి ఫోను మెరుస్తోంది. ఆ వెలుతురు కదలడం లేదు.

శవాన్ని పిలుస్తున్నానేమో అనుకుంది. అయినా పిలిచింది.

“మావయ్యా...”

“ఓయ్!” అని పలికేడు బంగారయ్య.

గొయ్యిలోకి దూకేసింది. ఆయన కాలు మడతపడి ఉంది, ఒళ్ళు మంచులా ఉంది, గెడ్డం వణుకుతోంది. కొంగు విప్పి కప్పి, ఆయన్ని గుండెలకి హత్తుకుని ఏడ్చింది.

“ఇందాకొచ్చి పిలిసేను కదా మావయ్యా... పలకలేదేటి? ఒక్కపాలి ఊ అంటే నేను ఎల్లిపోయేదాన్నా?”

“ఇందాకా పిలిసింది కాసులమ్మే” అన్నాడాయన గుసగుసగా. “రెండుసార్లే పిలిసింది. నోరు మూసుకుని కూకున్నాను. మల్లీ ఇప్పుడు... మూడోది. అందుకే పలికేను.” అని చీకట్లో ఆవిడ మొహం తడిమి చూసేడు. “మూడోసారి పిలిసేవంటే మనిసివే. ఎవరి పిల్లవమ్మా నువ్వు?”

“నీ సెల్లి పిల్లని మావయ్యా.”

“అలగా! పెనం ఎక్కించీమను. పొద్దోయింది” అన్నాడు.

అప్పుడే దారి మీద బండి ఆగిన చప్పుడు. టార్చి వెలుతురు చెరుకాకుల మీద పడింది. నానాజీ వచ్చేడు! నూకరత్నం గొయ్యిలోంచే గొంతెత్తింది.

“బావా, ఇక్కడే!”

వెలుతురు ఉన్నచోటే ఆగిపోయింది.

“ఇక్కడే!”

కదల్లేదు. అడుగు చప్పుడు లేదు, ఉలుకు లేదు, పలుకు లేదు. కన్నతండ్రి కోసం వచ్చిన మనిషి దారి మీదే బిగుసుకుపోయేడు. ఆయన పెంచిన కొడుకే కదా మరి!

నూకరత్నానికి అర్థమైంది. కన్నీళ్ళు తుడుచుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, మూడోసారి పిలిచింది.