చివరి రెండంకెలు

"వేలం నాలుగు గంటలకి," అన్నాడు చీఫ్. "మూడు యాభై తొమ్మిదికల్లా ఆ లిస్టు ఈ భూమ్మీద ఉండకూడదు."

డేగ తల ఊపాడు. అర కిలోమీటరు దూరాన పోతున్న కారు నంబరు చదివేస్తాడని డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు అది. ఇప్పటికీ చదివేస్తాడు. చేతిలో ఉన్న కాగితం మాత్రం చదవలేడు. నలభై ఏడేళ్ళు నిండిన కళ్ళు ఎవరికైనా చేసే మామూలు ద్రోహమే ఇది. కానీ డేగ అనిపించుకున్నవాడు కళ్ళజోడు తగిలించుకుని ఆఫీసుకి ఏ ముఖంతో వెళ్తాడు? అందుకని రెండేళ్ళుగా ఈ సంగతి శత్రువుల దగ్గర కంటే గట్టిగా సొంతవాళ్ళ దగ్గర దాచుకొస్తున్నాడు మహానుభావుడు.

చీఫ్ బల్ల మీద ఒక ఫొటో పెట్టాడు. నున్నగా దువ్విన తెల్లజుట్టు, ఖరీదైన కోటు, చల్లటి నవ్వు.

"కోడ్ నేమ్ ప్రొఫెసర్. ఎవరికీ ఏ పాఠమూ చెప్పలేదు, మన గుట్టు విదేశీ ముఠాలకి అమ్మడమే వృత్తి. లిస్టు వాడి ఫోన్‌లో, కాలిక్యులేటర్ యాప్ వెనక దాగి ఉంది. చూడ్డానికి మామూలు కాలిక్యులేటరే. వాడి వేలిముద్ర పడి, పన్నెండంకెల కోడ్ కొడితేనే తెరుచుకుంటుంది. తెరిచిన ప్రతిసారీ బటన్ల మీద అంకెలు చోటు మారతాయి. పక్కవాడు వేలు కదలిక చూసి పట్టేయకుండా వాడే అలా కస్టమైజ్ చేయించుకున్నాడు."

"తప్పు కొడితే?"

"మూడుసార్లు తప్పితే మొత్తం చెరిగిపోతుంది. కాపీ లేదు, వేలం దాకా వాడు కూడా తెరిచి చదవకూడదు, కొనేవాళ్ళ షరతు అది. లిస్టులో మనవాళ్ళు తొమ్మిదిమంది. మూడో పేరు పగడం."

పగడం ప్రొఫెసర్‌కి పర్సనల్ సెక్రటరీ. ఎర్రటి గౌనులో ఆవిడ నడిచొస్తే ఎంతటి కాపలావాడైనా తలుపు సంగతి మరిచిపోతాడు. ముఠా ఆవిడని తమ మనిషే అనుకుంటుంది. రెండేళ్ళుగా ఆవిడ పంపే కబుర్లతోనే డిపార్ట్‌మెంట్ నడుస్తోంది. లిస్టు తెరిచే క్షణంలో ఆవిడ ప్రొఫెసర్ పక్కనే నిలబడి ఉంటుంది.

టెక్నికల్ సెక్షన్ ఇంజనీరమ్మాయి అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి, కొత్త ఫోన్ ఒకటి తెచ్చి ఇచ్చింది.

"డబ్బాని ఏసీ గొట్టంలో పెట్టండి సార్. ఆన్ చేస్తే ఆ గదిలో ఉన్న ఫోన్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. దాని ఎనిమిదంకెల కోడ్ పగడంగారు పంపుతారు, మన కాలిక్యులేటర్ పద్ధతిలోనే."

పద్ధతి సులువే. అవతలివాళ్ళు మెసేజ్‌లో ఒక సంఖ్య పంపుతారు. దాన్ని డిపార్ట్‌మెంట్ కాలిక్యులేటర్‌లో కొట్టి, ఇంటూ నొక్కి, మెమరీలో ఉన్న ఆ నెల రహస్య సంఖ్యని పిలిస్తే పదంకెల జవాబు వస్తుంది. మొదటి ఎనిమిదీ కబురు, చివరి రెండూ ఆజ్ఞ. పదిహేడు అంటే కానివ్వు. డెబ్బై ఒకటి అంటే ఆగిపో.

"ఈసారి సెట్టింగ్స్ అన్నీ లాక్ చేశాను సార్," అంది ఇంజనీరమ్మాయి. "మనవాళ్ళు పువ్వులూ పిల్లిపిల్లలూ థీమ్‌లు పెట్టేసుకుంటున్నారు. ఇక రంగు మారదు, సైజు మారదు."

"మంచి పని చేశావ్," అన్నాడు డేగ.

"టైలర్ చేసిన పొరపాటు మళ్ళీ జరక్కూడదు," అన్నాడు చీఫ్. "డెబ్బై ఒకటి పంపాల్సిన చోట పదిహేడు పంపి కొంప ముంచాడు."

డేగ చెవులు కాలిపోయాయి. ఎందుకంటే టైలర్ ఏ పొరపాటూ చేయలేదు.

నెల కిందటి మాట ఇది. టైలర్ అంటే నిజంగానే టైలర్. అరవై దాటిన మనిషి, కబుర్లూ చిప్‌లూ బట్టల్లో కుట్టి చేరవేసేవాడు. ఆ రోజు కోటు కాలర్‌లో ఈ లిస్టున్న చిప్ కుట్టుకుని బస్టాండ్‌లో డేగని కలవాలి. ఎవరో వెంటపడుతున్నారని అనుమానమొచ్చి, అదే చోటు, అదే టైము, చివర డెబ్బై ఒకటి వచ్చేలా సంఖ్య పంపాడు.

అంతకు ముందు వారమే మన హీరోగారు తలుపు గడియ పెట్టుకుని, కాలిక్యులేటర్‌లో సెట్టింగ్స్ తెరిచి, తనకి అనువుగా మార్చుకున్నాడు. నల్ల బ్యాక్‌గ్రౌండ్. పసుప్పచ్చ అంకెలు. నొక్కినప్పుడల్లా వేలికి తెలిసేలా వైబ్రేషన్. సైజు మాత్రం ఆఖరిదాకా పెంచేశాడు. ప్రాణం లేచొచ్చింది! కానీ అంత సైజులో స్క్రీన్ మీద ఎనిమిదంకెలే పడతాయి. మిగిలిన రెండూ కావాలంటే వేలితో పక్కకి జరపాలి. ఆ రోజు హడావుడిలో జరపలేదు. ఎప్పుడూ పదిహేడే కదా అనుకున్నాడు.

వెళ్ళాడు. అప్పటికే అక్కడ చిక్కుకుపోయిన టైలర్‌ని డేగ పలకరించడంతో వెంటాడేవాళ్ళ అనుమానం రూఢి అయింది. టైలర్ తొడలోకి తూటా దిగింది, జేబులోని ఫోన్‌తో సహా కోటు వాళ్ళ చేతిలో పడింది.

ఆ తర్వాత డేగ చేసిన పని చెప్పడానికి నాకే సిగ్గేస్తోంది. ఎంక్వైరీకి ఫోన్ అప్పగించే ముందు రీసెట్ నొక్కాడు. మెసేజ్‌లూ హిస్టరీతో సహా అన్నీ మొదటికొచ్చాయి. "నాకు పదిహేడే వచ్చింది సార్" అని స్టేట్‌మెంట్ ఇచ్చాడు. టైలర్‌ని డ్యూటీ నుంచి తీసేశారు. డేగ హాస్పిటల్‌కి వెళ్తే ఆ పెద్దాయనే చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"నా వేలే జారి ఉంటుంది బాబూ. నీ ప్రాణం మీదికి తెచ్చాను."

"పోనీలే బాబాయ్," అన్నాడు డేగ.

పోనీలేనట! ఆ మాట అన్నప్పటి నుంచీ అతనికి అన్నం సహించలేదు.

*

హోటల్ మూడో అంతస్తు. కాన్ఫరెన్స్ హాల్ బయట పొడవాటి వరండా. నీలం యూనిఫాం, పెట్టుడు మీసం, చేతిలో పానాల సంచి. ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న డేగని ఎవరూ రెండోసారి చూడలేదు. డబ్బా మధ్యాహ్నమే గొట్టంలో పెట్టేశాడు.

మూడు నలభై ఆరు. ఫోన్ కదిలింది. పగడం మెసేజ్. అయిదంకెల సంఖ్య, కళ్ళు చికిలించుకుని ఎలాగో కూడదీసుకున్నాడు. కొట్టాడు. ఇంటూ. మెమరీ. ఈజీక్వల్టు.

జవాబు వచ్చింది. బూడిద రంగులో చీమల బారులా ఉంది. మూడా, ఎనిమిదా? ఒకటా, ఏడా? కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి చాచాడు. ఇంకా చాచాడు.

"చెయ్యి చాలడం లేదా?"

గిరుక్కున తిరిగాడు. ప్రొఫెసర్! ఫొటోలో ఉన్న నవ్వే, పక్కన ఎవరూ లేరు.

"ఎంత చాచినా ఇంకో జానెడు తక్కువే పడుతుందిలే. నేను పడ్డ పాట్లేగా!" ప్రొఫెసర్ వరండా అటూ ఇటూ చూసి, కోటు లోపలి జేబులోంచి కళ్ళజోడు తీశాడు. "రెండున్నర పవరు. పెట్టుకుని చూడు."

"వద్దు సార్, కనిపిస్తోంది."

"ఎవరికయ్యా చెప్తావ్? నేనూ రోజూ చెప్పే అబద్ధమే అది. నా దగ్గరున్న కుర్రాళ్ళకి ఈ సంగతి తెలిసిందంటే రేపటి నుంచి నన్ను లెక్క చేయరు. అందుకే చదవాల్సినవన్నీ ఇలా బయటికొచ్చి చదువుకుని పోతుంటాను. నువ్వెవరి దగ్గర దాస్తున్నావ్?"

"ఆఫీసులో సార్," అన్నాడు డేగ.

రెండేళ్ళలో ఈ విషయంలో అతని నోట వచ్చిన మొదటి నిజం అది. చెప్పుకున్నది మనుషుల్ని అమ్మేవాడితో. చెప్పాక మనసు తేలికైంది కూడా, అదీ అసలు సిగ్గుచేటు.

కళ్ళజోడు పెట్టుకున్నాడు. పదంకెలూ తేటగా నిలబడ్డాయి. చివరి రెండూ: డెబ్బై ఒకటి.

డబ్బా వాళ్ళకి దొరికిపోయిందన్నమాట. ఆన్ చేసి ఉంటే అదేమిటో బయటపడి, ఎవరి పనో తేల్చడానికి వాళ్ళు ముందు పగడం గొంతు పట్టుకునేవాళ్ళు. ఈ కళ్ళజోడే లేకపోతే ఎప్పుడూ పదిహేడే కదా అనుకుని మళ్ళీ నొక్కేసి ఉండేవాడు.

"కనిపించిందా?" అడిగాడు ప్రొఫెసర్.

"కనిపించింది సార్."

"అయితే ఇలా ఇవ్వు. నాకూ చిన్న పనుంది, లోపలికెళ్ళే ముందు చూసుకోవాలి." ఫోన్ తీసి వేలిముద్ర పెట్టాడు. రెండో చెయ్యి చాచాడు.

అప్పుడే హాల్ తలుపు తెరుచుకుంది. ఇద్దరు గన్‌మెన్, వాళ్ళ వెనక బూడిద రంగు సూట్‌లో కొనుగోలుదారు.

"ప్రొఫెసర్! మాకు ఫ్లైట్ టైమవుతోంది. అందరి ముందూ ఇప్పుడే తెరవండి."

చాచిన చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగింది. తర్వాత మెల్లగా పైకి వెళ్ళి, చెదరని జుట్టుని సర్దుకుంది. ప్రొఫెసర్ డేగ వైపు ఒక్క చూపు చూశాడు. బతిమాలే చూపు. "సార్, మీ కళ్ళజోడు" అని ఇచ్చేయడానికి డేగకి బోలెడంత టైముంది. అతను దాన్ని మడిచి తన జేబులో వేసుకున్నాడు.

తలుపు అద్దంలోంచి లోపలంతా స్పష్టంగా కనిపిస్తోంది. దూరంగా ఉన్నవి చూడ్డంలో అతనికి తిరుగేముంది! బల్ల చుట్టూ ఆరుగురు. ప్రొఫెసర్ పక్కన పగడం, ముఖాన అతికించుకున్న నవ్వు. ప్రొఫెసర్ ఫోన్‌ని కాస్త దూరంగా పట్టుకుని, చూసే కళ్ళు గుర్తొచ్చి, మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. పన్నెండు నొక్కులు. తప్పు. అంకెలు చోటు మారాయి. మళ్ళీ పన్నెండు. మళ్ళీ తప్పు.

ప్రొఫెసర్ కాలర్ వదులు చేసుకున్నాడు. "ఏమిటీ ఉక్క! బయట మెకానిక్ ఉన్నాడు, పిలవండి."

పగడమే వచ్చి తలుపు తీసింది.

"ఫిల్టర్ మార్చారా?" అని పైకి అడిగి, గొంతు తగ్గించింది. "డబ్బా పట్టేశారు. ఏసీ ముక్కనుకుని బయట పారేశారు, అదే అదృష్టం. ఇంకేముంది నీ దగ్గర?"

"ఒకటుంది. చెప్పుకునేలాంటిది కాదు."

ఏసీ కింద స్టూల్ వేశాడు. ప్రొఫెసర్ ఏదో చూపిస్తున్నట్టు పక్కకొచ్చి, పెదవి కదలకుండా అన్నాడు. "నా కళ్ళజోడు. త్వరగా."

మూడు యాభై ఎనిమిది. ఈ మనిషిని ఎక్కడ కొడితే పడతాడో డేగకి బాగా తెలుసు. తనని అక్కడ కొడితే తనూ పడతాడు.

"కళ్ళజోడా సార్?" అన్నాడు హాలంతా వినిపించేలా. "మీకు కళ్ళజోడుందా?"

తలలన్నీ ఇటు తిరిగాయి. గన్‌మెన్ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కొనుగోలుదారు కనుబొమ లేచింది. ప్రొఫెసర్ ముఖం మెడ దాకా ఎర్రబడింది. 'అవును, దగ్గరవి కనిపించవు, ఇటివ్వు' అంటే చాలు. లిస్టు తెరుచుకుంటుంది, పగడం నిమిషంలో శవమవుతుంది. అంత చిన్న మాట! డేగ స్టూల్ మీద నిలబడి, ఆ మాట రాకూడదని మొక్కుకున్నాడు.

"నాకెందుకయ్యా కళ్ళజోడు?" అన్నాడు ప్రొఫెసర్. "నీ పని నువ్వు చూసుకో."

గడ్డం పైకెత్తి, తల కూడా వంచకుండా, చకచకా పన్నెండంకెలు కొట్టాడు.

స్క్రీన్ ఒకసారి తెల్లబడింది. ఆ తర్వాత మిగిలింది ఉత్త కాలిక్యులేటర్. మధ్యలో సున్నా.

కొనుగోలుదారులు లేచి వెళ్ళిపోయారు. గన్‌మెన్ కూడా జీతమిచ్చే చెయ్యి ఖాళీ అయిందని గ్రహించి మెట్లదారి పట్టారు. వెయిటర్ల వేషంలో ఉన్న డిపార్ట్‌మెంట్ మనుషులు లిఫ్ట్ దగ్గర ప్రొఫెసర్‌కి బేడీలు వేశారు. అతను డేగ ముందు ఆగాడు.

"ఆఫీసులో దాస్తున్నానన్నావే, ఆ ఆఫీసా ఇది! నిన్నేనా డేగ అనేది?" ఎగాదిగా చూశాడు. "పాపం."

తిట్టి ఉంటే డేగ తట్టుకునేవాడే.

"ఏం చేశావసలు?" అంది పగడం.

"నాకు సాయం చేసినవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేశాను."

"నా ప్రాణం నిలబడింది."

"అవును. అయినా గొప్పగా ఏం లేదు."

*

ఆ సాయంత్రం డేగ చీఫ్ దగ్గరికి ముందు వెళ్ళలేదు. హాస్పిటల్‌కి వెళ్ళాడు. టైలర్ మంచం పక్కన నిలబడి, సైజు పెంచిన దగ్గర్నుంచి రీసెట్ నొక్కిన దాకా, పోనీలే అన్న దాకా, ఒక్కటీ వదలకుండా చెప్పేశాడు. భూమి చీలి అందులో దిగిపోతే బాగుండుననిపించింది. భూమి కదల్లేదు.

టైలర్ గోడ వైపు తిరిగాడు.

"నెల రోజులుగా నా వేళ్ళని నేను తిట్టుకుంటున్నాను," అన్నాడు. "నలభై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించాను బాబూ. పాతికేళ్ళుగా జోడు లేకుండా ఒక్కసారి ఎక్కించి ఉంటే ఒట్టు. జేబులో ఎప్పుడూ రెండు పెట్టుకుని తిరిగేవాణ్ణి. ఒక్క మాట అడిగుంటే ఒకటి నీకిచ్చేవాణ్ణి కదయ్యా!"

డేగ మంచం పట్టె పట్టుకుని, పెట్టుడు మీసం తడిసి ఊడిపోయేదాకా ఏడ్చాడు. టైలర్ క్షమించానని అనలేదు. కూర్చోమని మాత్రం కుర్చీ చూపించాడు.

మర్నాడు చీఫ్ టైలర్ పేరు మీది మచ్చ తీసి డేగ పేరు మీద పెట్టాడు. ఆరు నెలల సస్పెన్షన్. న్యాయమే. వెళ్ళే ముందు మిషన్ రిపోర్టు నింపి వెళ్ళమన్నారు. నాలుగు పేజీల ఫారం, సన్నటి అచ్చు. ఆఖరి గడిలో, వాడిన ఆయుధం ఏమిటో, స్టోర్స్‌కి ఎప్పుడు అప్పగించారో రాయాలి.

డేగ అందరూ చూస్తుండగానే రాశాడు: "శత్రువు కళ్ళజోడు ఒకటి, ప్లస్ రెండున్నర. ఇంకా అప్పగించలేదు, ఈ ఫారం చదవడానికి అదే దిక్కు."