మైకు తాత రెండు గొంతులు

తెల్లవారగానే వీధి కుళాయికి నీళ్ళొచ్చాయి. మైకు తాత భార్య బిందె పట్టి, వంగి వాసన చూసి, ముక్కు చిట్లించింది.

"ఏమయ్యా, ఈ నీళ్ళ రంగు చూడు."

"మొదటి బిందె అలాగే ఉంటుంది. పారబొయ్యి," అన్నాడు తాత, కూర్చున్న చోటు నుంచి లేవకుండానే.

"ఇది మూడో బిందె."

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందట. నీ కళ్ళు చూపించుకో ముందు!"

మామూలుగా అయితే అలాంటి మాటకు ఆమె ఎదురు మాట విసిరేది. ఈసారి బిందెలోకే చూస్తూ నిలబడింది. పశువుల తొట్టి దగ్గర గేదె మూతి ముంచి, నీళ్ళు తాగకుండానే తల పక్కకు తిప్పుకుంది.

అంతలో వీధి చివర వ్యాన్ వినపడింది.

"తల్లులారా! తండ్రులారా! మీ మైకు తాతను మాట్లాడుతున్నాను! ట్యాంకు కడిగించారు, పగిలిన గొట్టం మార్పించారు. నిశ్చింతగా నీళ్ళు తాగండి. పనిచేసిన పాతవాళ్ళనే మళ్ళీ గెలిపించండి!"

గంటలా మోగే గొంతు. తాత గొంతే, కానీ తాత నోట్లో ఇప్పుడది లేదు. పోయినేడు గొంతులో గడ్డ తీశారు. అప్పటి నుంచి మాట బొంగురుపోయి, పెరట్లోంచి పిలిస్తే వంటింట్లోకి వినపడదు. ఊరి ప్రెసిడెంటు ఇంట్లో ఆయన్ను కూర్చోబెట్టి, గుక్కగుక్కకీ వేడినీళ్ళు తాగిస్తూ ఆ నాలుగు ముక్కలూ చెప్పించి రికార్డు చేశారు. తర్వాత ఏ యంత్రంలో ఎలా సాపు చేశారో గాని, పాత గొంతు లేచొచ్చింది. అది విని తాత కళ్ళు తుడుచుకున్నాడు.

జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ ఊళ్ళో ఏ కబురైనా ఆయన నోటి మీదుగానే వెళ్ళేది. దూడ తప్పిపోయిందని చెప్పమంటే, తెగిన తాడు చూపించమనేవాడు. కళ్ళతో చూడనిది చెప్పడని ఆయనకు పేరు. ఆ రికార్డింగు రోజు కూడా "ఒకసారి ట్యాంకు చూసొస్తాను" అన్నాడు. ప్రెసిడెంటు నవ్వి, "నా మీద నమ్మకం లేదా బాబాయ్? గొట్టం ఎల్లుండి మారుస్తున్నాం. మార్చినట్టే అనుకో" అన్నాడు. ఆపరేషన్ నాడు తన కారులో తీసుకెళ్ళి, వార్డు బయట తెల్లవార్లూ కూర్చున్న మనిషి. ఆ మనిషిని అనుమానించడానికి తాతకు సిగ్గేసింది. చెప్పేశాడు.

మధ్యాహ్నం వ్యాన్ మళ్ళీ వచ్చింది. అది దాటి వెళ్ళాక, ఎదురింటి టైలరును ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి నడిపించుకుపోయారు. పొద్దు వాలేసరికి పాలామె ఇంటికి తాళం పడింది. వ్యాన్ వచ్చినప్పుడల్లా వీధిలో ఇంకో తలుపు మూసి ఉంటోంది. నిశ్చింతగా నీళ్ళు తాగండి అని ఆ గొంతు మూసిన తలుపులకు కూడా చెప్పుకుంటూ పోతోంది.

దీపాలు పెట్టే వేళకు మనవరాలు వాంతి చేసుకుంది. ఆ తర్వాత ఆగలేదు.

ఆరోగ్య కేంద్రం వరండా నిండా చాపలే. నర్సు మనవరాలి చేతికి సెలైన్ సూది గుచ్చి, "నీళ్ళే. ఊరందరికీ నీళ్ళే," అని మరో చాప దగ్గరికి వెళ్ళింది.

తాత భార్య కోడలి మీద విరుచుకుపడింది. "పిల్ల పుట్టినప్పటి నుంచీ కాచిన నీళ్ళేగా పడుతున్నావు! ఇప్పుడేం రోగమొచ్చింది నీకు? స్టవ్వు వెలిగించడానికి ఒళ్ళు బరువైందా?"

కోడలు పిల్ల అరికాళ్ళు రుద్దుతూనే ఉంది. తలెత్తకుండా అంది.

"మావయ్య చెప్పారు కదా అత్తయ్యా. వ్యాన్లో. ఇంకెవరు చెప్పినా కాచేదాన్నే."

అందులో నిష్ఠూరం లేదు. ఉన్నా తాత తట్టుకునేవాడేమో. గోడ పట్టుకుని లేచి, బయటికి నడిచాడు.

ప్రెసిడెంటు ఆఫీసులో జెండా కర్రలు కట్టలు కడుతున్నారు. తాత మాట వినపడటానికి దగ్గరగా వెళ్ళి నిలబడాల్సి వచ్చింది.

"ఆ వ్యాన్ ఆపించు నాయనా. నా మనవరాలు పడిపోయింది."

"అయ్యో! మంచి డాక్టరు దగ్గరికి పంపిస్తాను. కారు తీసుకెళ్ళు."

"కారొద్దు. ఆ మాట ఆపించు."

ప్రెసిడెంటు చుట్టూ ఉన్నవాళ్ళను బయటికి పంపి తలుపు దగ్గరికి వేశాడు. గొంతు మాత్రం పెంచలేదు. "ఎల్లుండి ఓట్లు. అయ్యాక ఊరికి కొత్త ట్యాంకే కట్టిస్తాను. ఈ లోపు తొందరపడకు బాబాయ్. నువ్వు ప్రాణాలతో ఎవరివల్ల ఉన్నావో నాకంటే నీకే బాగా తెలుసు. నీ కోడలికి బళ్ళో ఆయా పని కూడా ఊరికే రాలేదు."

తాత తల అడ్డంగా ఊపాడు. "నన్ను బతికించావు, కాదనను. మొన్నటిదాకా నీకే ఓటెయ్యమని ఇల్లిల్లూ తిరిగాను. ఆ రుణం నా ఒంటిది. ఊరి కడుపులతో తీర్చలేను."

తెల్లారేసరికి పిల్ల కళ్ళు తెరిచి, "తాతా, దాహం" అంది. తాత గ్లాసు అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నర్సు కాచిన నీళ్ళు తెచ్చి పట్టేదాకా అలాగే నిలబడ్డాడు. పిల్లను భార్యకు అప్పగించి, వీధిలోకి వచ్చి వ్యాన్‌కు అడ్డం నిలబడ్డాడు.

డ్రైవరు తల బయటపెట్టాడు. "ఇదేంటి తాతా! మాట్లాడేదీ నువ్వే, అడ్డం నిలబడేదీ నువ్వే!"

తాత చేతులు ఊపుతూ అరిచాడు. పెదాలు కదులుతున్నాయి. వినపడేది మాత్రం బండి మీది గొంతే. అరుగుల మీది జనం వింతగా చూశారు. ఎవరో నవ్వారు కూడా. వ్యాన్ ఆయన్ను తప్పించుకుని వెళ్ళిపోయింది.

"కాలు జారితే లేవొచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు," అన్నాడు తాత దుమ్ములో నిలబడి, తనలో తాను.

"తీసుకోలేకపోతే వెంటపడి తరుముదాం మావయ్యా."

వెనక కోడలు. చేతిలో స్టీలు పళ్ళెం, గరిటె.

"నీ ఉద్యోగం పోతుంది తల్లీ."

"పిల్ల పోయేది నిన్న. మీరు చెప్పండి, నేను అరుస్తాను."

తాతకు దుఃఖం పొంగుకొచ్చింది. "నన్ను నమ్మి..."

"ఇప్పుడూ నమ్మే వచ్చాను. ఏడవకండి, ఉన్న కాస్త గొంతూ పోతుంది."

పళ్ళెం మోగింది. తాత ఆమె చెవిలో గొణిగాడు, ఆమె వీధంతా వినపడేలా అరిచింది. "మైకు తాత మాట! గొట్టం మార్చలేదు! నేను చూడకుండా చెప్పాను! ఓటు మీ ఇష్టం, నీళ్ళు మాత్రం కాచి తాగండి!"

మలుపు దగ్గర ప్రెసిడెంటు కారు ఆగి ఉంది. అద్దం దిగింది, మళ్ళీ పైకెక్కింది. ఆ వెంటనే వ్యాన్ తిరిగొచ్చింది, ముందుకంటే రెట్టింపు గోలతో.

చివరింటి ముసలావిడ గుమ్మంలోకొచ్చి, బండి వైపూ తాత వైపూ చూసింది. "ఏరా, పొద్దున్నే రెండు గొంతులేమిటి నీకు? దేన్ని నమ్మమంటావు?"

కోడలు నోరు తెరవబోయింది. తాత వద్దన్నట్టు చెయ్యెత్తి, గుమ్మం దాకా నడిచి, తానే చెప్పాడు.

"ఈ పగిలినదాన్ని వదినా."

ముసలావిడ లోపలికెళ్ళింది. ఆమె పొయ్యి వెలిగించి, దాని మీద నీళ్ళ గిన్నె పెట్టడం కళ్ళారా చూశాకే తాత పక్క గుమ్మానికి కదిలాడు.