పదహారో రీలు

మణుగూరు గని కాలనీలో ఆదివారమైనా మొదటి షిఫ్టు సైరను వేళ తప్పలేదు. ఆ మోతకు ఏనాడో అలవాటుపడిన నిర్మలాదేవి ఏమాత్రం తొణక్కుండా పెసరట్టు తిరగేసింది. ఆమె గని దవాఖానాలో నర్సు. పక్కన కూతురు రామతులసి అల్లం పచ్చడి నూరుతోంది. పెనుబల్లి నుంచి నిన్న వచ్చిన అన్న వెంకటనారాయణ వంటింటి గుమ్మంలో పీట వాల్చుకుని కూర్చున్నాడు.

తులసి పెనుబల్లిలోనే ఉన్న అత్తింటి నుంచి చేతిసంచితో వచ్చేసి మూడు వారాలైంది. ఆ సంబంధం తెచ్చినవాడు వెంకటనారాయణే. తిరిగి కాపురానికి పంపాల్సిన బాధ్యతా తనదేనని అతని నమ్మకం. ఆ మాట ఎవరూ ముందుగా ఎత్తలేక, నిన్న ముగ్గురూ మ్యాట్నీకి వెళ్ళారు. ఇరవై ఒక్కేళ్ళ కిందటి నలుపు తెలుపు సినిమాను ఎవరో రంగుల్లో మళ్ళీ తీశారు.

"ఎంత తీసినా పాతది పాతదే," అంది నిర్మలాదేవి. "ఈ కొత్త హీరోయినుకి కళ్ళనిండా కాటుకే గానీ కోపమేదీ?"

"పాటలు బాగున్నాయిగా!"

"పాటలకేం అన్నయ్యా, కథను ముంచారు. అన్ని మాటలు పడి గడప దాటిన మనిషిని వెనక్కి తెచ్చి మొగుడి కాళ్ళమీద పడేశారు. పాతదాంట్లో అలా లేదు. ఆవిడ వెళ్ళిపోతుంది. అంతటితో సరి."

"నీ మొహం! పాతదాంట్లోనూ తిరిగొస్తుంది. ఖమ్మంలో రెండుసార్లు చూశాను."

"నేను ఏన్కూరు డేరాలో నాలుగు రోజులు వరసగా చూశాను."

వెంకటనారాయణ నవ్వలేదు. ఆ నాలుగు రోజుల తరువాత వారం తిరక్కుండానే చెల్లెలు ఆరునెలల పసిబిడ్డను చంకనేసుకుని, తాగివచ్చి తన్నే మొగుణ్ణి వదిలి ఖమ్మంలో నర్సు శిక్షణకు వెళ్ళిందని అతనికి గుర్తుంది. ఎందుకు వెళ్ళావని అడిగినవాళ్ళకు ఆమె ఆ సినిమా పేరే చెప్పేది.

"వాదన దేనికి? ఆడించిన మనిషే ఉన్నాడుగా," అని నిర్మలాదేవి దడి మీదుగా కేకేసింది. "హాతీరాం! ఒకసారి ఇటు రా."

పక్కింటి హాతీరాం ఇప్పుడు గనిలో పంపు ఆపరేటరు. ఒకప్పుడు ఏన్కూరు టూరింగ్ టాకీస్‌లో ప్రొజెక్టరు తిప్పినవాడు. సంగతి విని తల గోక్కున్నాడు.

"సారు చెప్పిందే నిజం సిస్టరమ్మా. సినిమా పదహారు రీళ్ళు. రీళ్ళ పెట్టె ఒక్కటి, డేరాలు రెండు. ఏన్కూర్ల మాదొకటి, వాగు అవతల ఊర్ల ఒకటి. అక్కడ అయిన రీలు సైకిల్ మీద ఇటు తెచ్చేటోళ్ళు. పదిహేను దాటినయ్. పదహారోది దాటకముందే అకాల వాన, వాగు పొంగింది. నాలుగొద్దులు అది అవతల్నే ఉండె."

"మరి అవతల ఏం ఆడించారయ్యా?" అన్నాడు వెంకటనారాయణ.

"ఒక్క రీలుతోని ఏం ఆడిస్తరు? డేరా మూసిండ్రు. నేను పదిహేనోది అయినంక లైటేసిన. జనం చప్పట్లు గొట్టిండ్రు. ఇగ నేనెందుకు నోరు తెరుస్త?"

హాతీరాం వెళ్ళిపోయాడు. పెనం మీద అట్టు మాడుతున్నా నిర్మలాదేవి కదలలేదు.

"విన్నావా?" వెంకటనారాయణ గొంతు తగ్గించాడు గానీ మాట తగ్గించలేదు. "ముగింపు చూడకుండా కాపురం చెడగొట్టుకున్నావు. ఇప్పుడు పిల్లనీ అదే దోవ పట్టిస్తావా? పది గంటల బస్సుకు నాతో పంపు."

నిర్మలాదేవి పొయ్యి ఆర్పింది. ఎదురైన నిజాన్ని కాదనడం ఆమె స్వభావం కాదు. అయితే దాన్ని నాలుగు వైపులా తిప్పి చూడకుండా ఒప్పుకోవడమూ ఆమెకు చేతకాదు.

"నిన్న నువ్వూ చూశావుగా, చెప్పు. మొదటి పదిహేను రీళ్ళూ ఆవిడ ఎందుకు బయటికొచ్చిందో చూపించారు. చివర్లో వాటిలో ఒక్క కారణమైనా మారిందా? మొగుడు మారాడా? అత్త మారిందా?"

"అదీ... ఆవిడ మనసు మారింది."

"ఊరికేనా? కారణాలన్నీ అలాగే ఉండి ఫలితం ఒక్కటే ఎలా మారుతుందన్నయ్యా? కొత్తది పాతదానికి సాటిరాదనుకున్నాను. పొరపాటే. పాతదాని ముగింపే దాని పదిహేను రీళ్ళకు సాటిరాలేదు. నా కాపురం చెడిందన్నావు. ఎక్కడ చెడిందో చూపించు. ఉద్యోగం చేశాను, బిడ్డను చదివించాను, ఎవరి గడపలోనూ చేయి చాచలేదు."

"సినిమా వేరు, బతుకు వేరమ్మా!"

"మరి సినిమా చూపించి పిల్లను బస్సెక్కించమంటున్నది ఎవరు?"

"ఇద్దరూ ఆపుండ్రి!" తులసి పొత్రం దబ్బున వదిలింది. "నేను ఏ సినిమా చూసీ రాలే. బుధవారం నాకు టీచరు పోస్టు ఇంటర్వ్యూ. సర్టిఫికెట్లు ఆయన బీరువాల పెట్టి తాళమేసిండు. అడిగితే చెంపమీద కొట్టిండు. ఒకసారి కాదు. నువ్వు తెచ్చిన సంబంధమని నీకు చెప్పలే మావయ్యా. అమ్మ అడగనే లేదు."

నిర్మలాదేవి ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. మూడు వారాలుగా కూతురిలో తననే చూసుకుని మురిసిపోయింది. ఏం జరిగిందని ఒక్క ప్రశ్న వేయలేదు. దవాఖానాలో ఏ రోగినీ అడగకుండా మందివ్వని మనిషి! కళ్ళనీళ్ళు ఆగలేదు. పిండి చేతులతోనే కూతురి చెంప తడిమింది.

"తప్పు నాదేనే తల్లీ. ఇప్పుడడుగుతున్నా. ఏం చేద్దామనుకుంటున్నావు?"

"పెనుబల్లి పోత. ఉండనీకి కాదు. వాడకట్టోళ్ళు చూస్తుండంగ పట్టపగలే నా సర్టిఫికెట్లు అడిగి తెచ్చుకుంట. నువ్వు మాట్లాడొద్దమ్మా. నేనే మాట్లాడుత."

వెంకటనారాయణ తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకుని లేచాడు. "వాడు మంచివాడని నలుగురిలో చెప్పింది నేను. కాదని చెప్పాల్సిందీ నేనేగా. పదండి."

సత్తుపల్లి బస్సులో కండక్టరు దగ్గరకు వచ్చేసరికి వెంకటనారాయణ పెనుబల్లికి మూడు టికెట్లు అడిగాడు.

"సాయంత్రం తిరిగొచ్చేదీ ఈ బస్సేనా బాబూ?"

"అవ్, ఇదే."

"అయితే ఆడవాళ్ళ సీట్లలో రెండు ఆపి పెట్టు," అన్నాడు వెంకటనారాయణ. "మా చెల్లెలూ మేనకోడలూ ఇంటికి రావాలి."