వంచకుండా కోసిన తీగ

దూకింది!

ఒక మేడ మీంచి ఇంకో మేడ మీదికి... మిట్టమధ్యాహ్నం... కాళ్ల కింద నాలుగంతస్తుల ఖాళీ!

మోకాలు చెక్కుకుపోయింది. అయినా లేచింది జాయింటరక్క. తెగిన ఇంటర్నెట్ తీగలు అతకడం ఆమె పని. ఇవాళ అసలు తెగకుండా చూడాలి.

ఇంకో పావుగంట!

కింద గదిలో ఆమె బావ లైవ్‌లో ఉన్నాడు. ఇంటర్నెట్ కంపెనీ కొలువు విసిరికొట్టి వచ్చిన మనిషి. కంపెనీ గుట్టుచప్పుడు కాకుండా నొక్కేసిన సైట్ల లిస్టు చదువుతున్నాడు. కప్పం కట్టిన సైట్లకి పరుగు, కట్టని వాటికి పక్షవాతం! నెట్ చేజిక్కగానే జనాన్ని బయటికి నెట్టేసిందా కంపెనీ!

ఒళ్లు మండి కాలనీవాళ్లు సొంతంగా లాగిన తీగ ఒక్కటే ఇప్పుడు బావ గొంతు మోస్తోంది.

ఆ తీగ కోసం ఈమె. తీగ కోసెయ్యడానికి వాడు. కంపెనీ మనిషి... కట్టర్ అంటారు వాణ్ని!

ధన్! వాడూ దూకాడు. ఒక చేతిలో పిస్టల్, ఇంకో చేతిలో తీగలు కోసే కత్తెర!

ఆమె ఫోన్‌ని నీళ్ల ట్యాంకు మీద నిలబెట్టి, కేబుల్ పెట్టెకి అడ్డం నిలబడింది.

"తప్పుకో అక్కా!"

"నీకు పని నేర్పింది నేనురా!"

"కాబట్టే నోటితో చెప్తున్నా!"

ఒక్క తోపు తోశాడు. పెట్టె తెరిచాడు. లోపల రెండు తీగలు. ఒకదానికి పసుపు ట్యాగ్. రెండోది బోడి.

"పసుపు మా హెడ్డాఫీసుది. బోడిది మీది!"

"ఆగరా! కోసే ముందు ఏం చెయ్యమన్నాను?"

"తీగని కాస్త వంచు, ఎవరి సిగ్నల్ తగ్గిందో కనుక్కో, అప్పుడు కోయి... పాత పాఠం! పనికి నాలుగు నిమిషాలే ఇస్తోంది కంపెనీ!"

కటక్!

బోడి తీగ తెగింది.

ట్యాంకు మీది ఫోన్లోంచి బావ గొంతు... "నలభై రెండో సైటు... నర్సుల సంఘానిది..."

కట్టర్ మొహం పాలిపోయింది.

ఎదురు వీధిలో కంపెనీ హెడ్డాఫీసు. గోడ మీద పెద్ద స్క్రీన్... నల్లబడింది!

"పొద్దున్నే ట్యాగ్ మార్చా" అంది. "మీ కంపెనీకి పన్నెండేళ్లు ఊడిగం చేశాను. మీరు వంచేది మనుషుల్నే గానీ తీగల్ని కాదని నాకు తెలీదా?"

పళ్లు కొరికాడు. పిస్టల్ ఆమె నుదుటికి! కత్తెర రెండో తీగ మీదికి...

"తమ్ముడూ!" ఫోన్లో బావ. "మొహం కాస్త ఇటు తిప్పు. ఎండ పడి సరిగ్గా కనబడటం లేదు!"

వాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఫోన్ కెమెరా... వాడి వైపే!

"ఈ ఫోనూ బావ లైవ్‌లోనే ఉంది నాన్నా" అంది అక్క. "ఊరంతా చూస్తోంది."

మెట్ల మీద అడుగుల చప్పుడు...

ఒక్కళ్లు కాదు... కాలనీ మొత్తం!