పటిక పూయని కాగితం

"ఆయన ముద్ర పక్కన ఆ పిల్ల ముద్రా...!"

పెయ్‌లాన్ టీ గిన్నె ఠక్కున కింద పెట్టింది. బల్ల మీద ఆరుతున్న బొమ్మలో రాయి ఆమె భర్త యున్‌హో వేసింది. ఆ రాతిని ఆనుకుని ఒయ్యారంగా పూసిన పూలు మాత్రం ఆయన శిష్యురాలు చింగ్‌సూవి. మూలన సంతకాలకి బదులు కొట్టిన ఇద్దరి ఎర్ర ముద్రలూ భుజాలు రాసుకుని కూర్చున్నాయి. తమ పెళ్లిలో తామిద్దరూ కూడా అంత దగ్గరగా కూర్చోలేదు!

ఇద్దరు చిత్రకారులు కలిసి ఒకే బొమ్మ వేయడం సూచౌ ఊళ్లో మామూలే. గడ్డాలు నెరిసిన పెద్దమనుషులు కూడా వేస్తారు. కానీ చింగ్‌సూకి గడ్డం లేదు. పెయ్‌లాన్ బాధంతా అదే!

యున్‌హో గుడి వీధిలో విసనకర్రల మీద పిచ్చుకలు వేసి అమ్ముకున్న రోజుల నుంచీ ఆయన కాగితానికి జిగురూ పటికా కలిపిన నీళ్లు పూసేది పెయ్‌లానే. ఆ పూత లేకపోతే సిరా పాకిపోతుంది. ఉంటే వెంట్రుకంత గీత కూడా గీసిన చోటే నిలబడుతుంది. ఆ గీతలకే షాంఘైలో జనం విరగబడ్డారు. ఆయన పిచ్చుకకి ఈకలు లెక్కపెట్టబోయి ఓ పెద్దాయన తిండి మర్చిపోయి కళ్లు తిరిగి పడిపోయాడట! పేపర్లన్నీ ఆయన వేళ్లని పొగిడాయి. పటికకి పగిలిన పెయ్‌లాన్ వేళ్ల సంగతి ఏ పేపరూ రాయలేదు. రాయకపోతేనేం... ఆయన పక్కన తన చోటు తనకుంది కదా అనుకుంది. ఇప్పుడు ఆ చోటూ పోయింది. పైగా తలుపు వేసుకుని మరీ గీస్తున్నారు!

"ఏమే కోడలా, వెనిగర్ జాడీ ఖాళీ అయిపోయింది. కుళ్లుకునే పెళ్లాలే తాగుతారంటారు, నువ్వు గానీ తాగేశావా?" అంది అత్తగారు. పిడుగు పడ్డా వినబడని ఆవిడకి కోడలి నిట్టూర్పు మాత్రం వీధి చివర నుంచి కూడా వినబడుతుంది.

"మీకు నవ్వులాటగా ఉంది అత్తయ్యా! ఆ పిల్ల ఆయన చెయ్యి పట్టుకోవడం నా కళ్లతో నేను చూశాను..."

"దానికే? మీ మామగారు ఊళ్లో ఆడవాళ్లందరి చేతులూ పట్టుకున్నారు!"

"ఆయన వైద్యుడు కదత్తయ్యా, నాడి చూశారు!"

"నేనూ అలాగే సరిపెట్టుకున్నానే తల్లీ!"

పెయ్‌లాన్ సరిపెట్టుకోలేకపోయింది. ఆ వారమే ఊళ్లోని పట్టు వ్యాపారి ఇంట్లో వాళ్లమ్మ పుట్టినరోజు విందు. అతిథులందరి ముందూ గురువుగారు రాయి వేయాలి, శిష్యురాలు కొంగలు వేయాలి. 'రాయికి సిరా పాకినా అందమే. ఆ పిల్ల గీత మాత్రం ఊరందరి ముందూ పాకిపోవాలి!' అనుకుంది పెయ్‌లాన్. పటిక పూయని కాగితాన్ని చక్కగా చుట్టి పట్టుకెళ్లింది.

విందులో వ్యాపారి స్వయంగా కాగితం పరిచాడు. కుంచె ముంచే ముందు యున్‌హో అలవాటుగా కాగితాన్ని వేళ్లతో తడిమి, ఆగిపోయాడు. తలెత్తి పెయ్‌లాన్ వైపు చూశాడు. కాదు... ఆమె పక్కనున్న స్తంభం వైపు చూశాడు! ఆ స్తంభానికే మెల్లగా చెప్పాడు.

"పెయ్‌లాన్... ఇది నువ్వు పూసిన కాగితం కాదే..."

పెయ్‌లాన్ స్తంభం వైపూ ఆయన కళ్ల వైపూ మార్చి మార్చి చూసింది. మూసిన తలుపులు... చెయ్యి పట్టుకుని గీయించడం... అయ్యో! ఆయనకి కళ్లు కనబడటం లేదు!

"ఏంటి గురువుగారూ, స్తంభంతో మాట్లాడుతున్నారు?" అన్నాడు వ్యాపారి. అతిథులు తలలు తిప్పారు. చూపు లేని చిత్రకారుడి బొమ్మ ఇక ఎవరు కొంటారు? ఇన్నేళ్ల పేరు ఒక్క క్షణంలో...

"స్తంభంతో కాక నాతో మాట్లాడతారా?!" పెయ్‌లాన్ గొంతుకి గిన్నెలు గలగలమన్నాయి. "ఈ పిల్ల వచ్చిన దగ్గర్నుంచీ నా మొహం చూస్తే ఒట్టు! కావాలనే పటిక పూయలేదు నేను! ఏం వేస్తారో వేయండి చూద్దాం!" అంటూ కాగితాన్ని పరపరా చింపేసింది.

విందంతా ఘొల్లుమంది. "గురువుగారికి ఇంట్లో పెద్ద యుద్ధమే!" అని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. బొమ్మ తర్వాత పంపుదురుగాని లెమ్మని పల్లకీ ఎక్కించారు. ఆయన కళ్ల సంగతి ఒక్కరికీ తట్టలేదు. పెయ్‌లాన్ గయ్యాళితనం మాత్రం సాయంత్రానికల్లా పక్క ఊళ్లకి కూడా చేరిపోయింది.

ఇంటికి రాగానే ఆమె భర్త కాళ్ల దగ్గర కూలబడింది. "నాకెందుకు చెప్పలేదండీ...!"

"నిరుడు చలికాలం నుంచి మసకేసింది. చెప్తే ఏడుస్తావు. ఆ ఏడుపు కూడా నాకు కనబడదేమోనని భయం వేసింది..." యున్‌హో చేతులు ఆమె పగిలిన వేళ్లని వెతికి పట్టుకున్నాయి. "నా పరువు కోసం ఊరందరి ముందూ నీ పరువు పోగొట్టుకున్నావే!"

గుమ్మం దగ్గర చింగ్‌సూ ఏడుస్తోంది. "రేపట్నుంచి నేను రాను గురువమ్మా..."

"రాకపోతే కొంగలు మా అత్తయ్య వేస్తుందా? రావే! నీక్కూడా నేనే పూసిస్తాను కాగితం!"

యున్‌హో గొంతు తగ్గించాడు. "ఈ పిల్ల మొహం నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. నేను ఆఖరిసారి బాగా చూసింది నీ మొహమే... ఇంతకీ ఈ పిల్ల ఎలా ఉంటుంది? అందగత్తేనా?"

పెయ్‌లాన్ గుమ్మం వైపు చూసింది. ఏడ్చినా ఆ మొహంలో వెన్నెల తగ్గలేదు.

"ఏముంది... మామూలుగా ఉంటుందండీ."

చింగ్‌సూ కళ్లు తుడుచుకుని తలూపింది. "అవును గురువుగారూ, చాలా మామూలుగా ఉంటాను."