నల్ల గేటు ఇంటి పిలుపు

జిద్దాలో తూర్పు దిక్కున, కొండల కింద, ఒక సందు ఉండేది. రెండువేల తొమ్మిది వరద తరువాత ఆ సందులోని నల్ల గేటు ఇంటికి చెడ్డపేరు వచ్చింది. పొద్దు గూకితే మగాళ్ళు కూడా రోడ్డు దాటి, అవతలి గోడ పట్టుకుని నడిచేవాళ్ళు. ఆ ఇంట్లో జిన్ ఉందనీ, చీకటి పడగానే ఏదో గొణుగుతుందనీ పఠాన్ డ్రైవర్ గుల్జమాన్ ఒట్టేసి చెప్పేవాడు. ఏ భాషలో గొణుగుతుందయ్యా అని అడిగితే... అరబ్బీ కాదు, ఉర్దూ కాదు, పష్తో కాదు, అసలది మనుషుల భాషే కాదు అనేవాడు.

నేను నా కళ్ళతో చూసింది కాదు. మా గదిలో ఉండే భోజన్న చెప్పగా విన్నాను.

భోజన్నది జగిత్యాల దగ్గర పల్లె. పేకాటకు కూర్చుంటే నిలువునా ముంచేస్తాడు. ధైర్యానికి మాత్రం లోటు లేదు. తొంభై ఒకటి యుద్ధంలో దమ్మామ్‌లో ఉండి, నెత్తి మీద మిస్సైళ్ళు పోతుంటే మేడెక్కి చూసిన మనిషి. అయితే దెయ్యం అనే మాట చెవిన పడితే చాలు, బాత్రూముకు కూడా తోడు రమ్మనేవాడు. అలాంటివాడు ఈ కథ చెప్పేటప్పుడు మేం ఎవరం నవ్వలేదు.

జిద్దాలో వానలు అరుదు. నాలుగు చినుకులు పడితే పిల్లలు వీధిలోకొచ్చి గంతులేస్తారు. ఆ రోజు మాత్రం పొద్దున మొదలైన వాన ఆగలేదు. కొండల్లోని ఎండు వాగులన్నీ ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయి. కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఎంతోమంది పోయారు. వరద తగ్గేసరికి ఇళ్ళ నిండా మోకాలి లోతు బురద... అందులో పరుపులు, ఫ్రిజ్జులు, బక్రీదుకని కొనుక్కున్న గొర్రెలు. ఆ కంపు ఊరు ఊరంతా ముక్కుకు పట్టేసింది.

సరిగ్గా హజ్ మొదలైన రోజది. పనివాళ్ళలో ముస్లింలు చాలామంది మక్కాలో ఉండిపోయారు. మిగిలింది మనవాళ్ళు. అందుకే మర్నాడు నీళ్ళు తోడే పంపులు ఇచ్చి భోజన్ననూ, ఆయన బామ్మర్ది లింబాద్రినీ ఆ సందులో దింపారు. పంపులు తెచ్చిన లారీ గుల్జమాన్‌ది.

నల్ల గేటుకు పెద్ద తాళం వేలాడుతోంది. తుప్పు పట్టిపోయింది. మనుషుల కోసం వెతికేవాళ్ళు అంతకుముందే వచ్చారట. తాళం చూశారు, పక్కింట్లో అడిగారు, ఆ ఇల్లు ఎన్నేళ్ళుగానో ఖాళీ అని చెబితే చూసేశామన్న గుర్తుగా గోడ మీద ఎర్ర రంగు గీత గీసి వెళ్ళిపోయారు.

పగలంతా పంపుల మోత. పక్కనే నిలబడి అరిచినా వినబడదు. పొద్దు గూకే మగ్రిబ్ నమాజు వేళకు పంపులు ఆపారు. సందులో కరెంటు లేదు. పంపులు ఎవరూ ఎత్తుకుపోకుండా బావా బామ్మర్దులిద్దరూ కాపలా కూర్చున్నారు. గుల్జమాన్ లారీలోంచి దిగనే లేదు.

అప్పుడు... నల్ల గేటు లోపలి నుంచి...

"అన్నా..."

భోజన్న చేతిలోని రొట్టె అట్లాగే ఉండిపోయింది.

"ఓ అన్నా... వీనికి జెర నీళ్ళియ్యుండ్రి..."

తెలుగు! అదీ ఏదో తెలుగు కాదు, తన పల్లె తెలుగు. గుల్జమాన్ లారీ అద్దాలు గబగబా పైకెత్తుకున్నాడు. "ఎవరు" అనబోయిన భోజన్న నోటికి లింబాద్రి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"పలుకకు బావా," అన్నాడు చెవిలో. "మూడోపారి పిలువనియ్యి. మనిషైతే మూడోపారి పిలుస్తడు."

మా దిక్కున ఇది పాలతోపాటు తాగించే మాట. చీకట్లో ఎవరైనా పిలిస్తే వెంటనే పలకకూడదు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుంది. పలికావా, నీ ప్రాణం దాని వెంట పోతుంది. మూడోసారి పిలిస్తేనే మనిషి. భోజన్న తల్లి పోచవ్వ ఈ ఒక్క ముక్క చెప్పి మరీ కొడుకును విమానం ఎక్కించిందట.

ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. చాలాసేపు చూశారు... చాలా చాలాసేపు...

మూడో పిలుపు రాలేదు.

మర్నాడు పక్కవీధివాళ్ళు పండగ మాంసం, అన్నం పంపారు. భోజన్న పళ్ళెం పక్కకు నెట్టాడు. దెయ్యానికి మన భాష ఎట్లా వచ్చిందిరా అని లింబాద్రిని అడిగాడు. మనోళ్ళు ఈ ఎడారిలో తక్కువమంది చచ్చారా అన్నాడు లింబాద్రి. అదీ నిజమేననిపించింది. ఒకసారి గేటుకు చెవి ఆనించి చూశాడు గానీ పంపుల మోత తప్ప ఏమీ లేదు. భయమే గెలిచింది. ఆ మాట భోజన్న తానే ఒప్పుకున్నాడు.

మళ్ళీ మగ్రిబ్. మళ్ళీ పంపులు ఆగాయి.

"అన్నా..."

లింబాద్రి భోజన్న మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఓ అన్నా... వీడు పోయేటట్టున్నడే..."

అంతే. మళ్ళీ నిశ్శబ్దం. మూడో పిలుపు కోసం చూస్తూ చూస్తూ భోజన్న టార్చి తాళం మీద వేశాడు. అప్పుడు తట్టింది. వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, దగ్గర నుంచి పారిపోయి, కాగితాలు లేకుండా బతికేవాళ్ళు ఉంటారు కదా... ఖల్లివల్లి వాళ్ళు. పోలీసుల కళ్ళు కప్పడానికి వాళ్ళు ముందు గేటుకు పాత తాళం వేసి, వెనక గోడ దూకి లోపల కాపురం ఉంటారు. దమ్మామ్ కంపెనీ మూతపడ్డాక భోజన్న కూడా అట్లాగే బతికాడు. బయట తాళం వేసి, లోపల అన్నం వండుకున్నవాడు ఆ తాళం చూసి ఇల్లు ఖాళీ అని ఎట్లా అనుకున్నాడు! తన మీద తనకే కోపం వచ్చింది.

నీళ్ళ సీసా తీసుకుని లేచాడు. లింబాద్రి కాళ్ళకు అడ్డం పడ్డాడు.

"దెయ్యమైతే దెయ్యమేరా," అన్నాడు భోజన్న. "నీళ్ళేగదా అడుగుతున్నది. ఇచ్చి వస్త."

వెనక గోడ దూకాడు. ముందు గదిలో గోడ కూలి ఉంది. దాని కింద ఒక మనిషి... నోటి నిండా గట్టిపడిన మట్టి. ఒళ్ళంతా ఉబ్బిపోయింది. నీళ్ళొచ్చిన రోజే పోయాడని చూడగానే తెలుస్తోంది.  భోజన్న వెనక గదిలోకి టార్చి వేశాడు. ఇనప బీరువా కింద కాలు ఇరుక్కుని ఇంకొకడు పడి ఉన్నాడు. వెలుగు పడగానే వాడి కళ్ళు కదిలాయి.

సీసా నోటికి పెడితే నీళ్ళు సగం లోపలికి, సగం మెడ మీదకి. భోజన్న కేక విని లింబాద్రి వచ్చాడు, జిన్ను తిట్టుకుంటూ గుల్జమాన్ కూడా వచ్చాడు. ముగ్గురూ బీరువా లేపి, లారీలో ఆసుపత్రికి తీసుకుపోయారు.

అక్కడ సుందరి అని భీమవరం వైపు నర్సు ఉంది. బతుకుతాడని చెప్పింది. కాలు మాత్రం మోకాలి దగ్గర తీసేశారంది. ఒక్క రోజు ముందు తెచ్చి ఉంటే కాలు దక్కేదేమోనండి అని మామూలుగానే అంది. ఆ ఒక్క రోజు ఎక్కడ పోయిందో భోజన్నకు తెలుసు. ఆ రాత్రి గదికొచ్చి ఏడ్చాడు. మేమంతా చూశాం.

వాడి పేరు పీరయ్య అని మాత్రం తెలిసింది, అదీ దుప్పటి మీద వేలితో రాసి చూపిస్తే. భోజన్న రోజూ పని దిగి వెళ్ళి పక్కన కూర్చునేవాడు. ఒకరోజు, మాట వస్తోందని సుందరి చెప్పగానే, మంచం మీదకి వంగాడు.

"తమ్మీ, ముందురోజే నీ పిలుపు విన్న. దెయ్యమనుకొని కూసున్న. నీ కాలు పోయింది నా పాపమే."

పీరయ్య అర్థం కానట్టు చూశాడు. గొంతులోంచి గాలి తప్ప పెద్దగా ఏమీ రావడం లేదు. భోజన్న చెవి దగ్గరగా పెట్టాడు.

"నేనేడ పిలిచిన్నే అన్నా... నీళ్ళు మింగినప్పటి సంది నోరే రాలె."

సుందరి అవునంది. "వరద రోజు మింగిన డీజిల్ నీళ్ళకే గొంతు పోయిందండి. మీరు తెచ్చేసరికి ఈయనకి మూలుగు కూడా లేదు."

"బాలన్న పిలిచిండు," అన్నాడు పీరయ్య. "ముందటి గదిల నుంచి... రెండు పొద్దులు నా కోసం పిలిచిండు."

సెలైన్ సీసా మారుస్తున్న సుందరి చెయ్యి ఆగిపోయింది.

"ఆయనే లేకుంటే నేను లేకపోదును. బాలన్న ఏ వార్డుల ఉన్నడే అన్నా? ఒక్కపారి చూపియ్యి."

బాలన్న నోట్లోంచి ఆ మట్టి తీసి, మొహం కడిగి, గుడ్డ కప్పింది భోజన్నే. ఆ చేతులు పీరయ్యకు కనబడకుండా ఒళ్ళో దాచుకున్నాడట.